పెద్ద వయసులో కుంగుబాటు, దానికి తోడు మతిమరుపు: అయస్కాంతం, కరెంటు చికిత్సలపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు డిప్రెషన్ ఉంది, మతిమరుపూ మొదలైంది, మందులతో గుణం కనిపించలేదు, డాక్టరు మెదడును ప్రేరేపించే చికిత్స చేద్దామన్నారు. చేయించాలా వద్దా? ఒకే తరహా ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం. మీ మనిషికి ఏది తగినదో చూసి చెప్పాల్సింది చికిత్స చేస్తున్న డాక్టరే. ఆయన్ని ఏం అడగాలో, ఇంట్లో ఏం గమనించాలో ఇక్కడ రాస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. రెండేళ్లుగా డిప్రెషన్. రెండు రకాల మందులు వాడాం, గుణం లేదు. ఈమధ్య పేర్లు, చెప్పిన మాటలు మర్చిపోతున్నారు. జ్ఞాపకశక్తిని, ఆలోచనను కొలిచే మోకా పరీక్షలో 30కి 21 వచ్చింది. డాక్టరుగారు ఆర్‌టీఎంఎస్ (అయస్కాంత పల్సులతో మెదడును ప్రేరేపించే చికిత్స) అంటున్నారు. అసలే మతిమరుపు, తలకు అయస్కాంతం పెడితే ఉన్నదీ పోతుందని అమ్మ ఒప్పుకోవడం లేదు. అక్కడ అసలేం చేస్తారు?

జవాబు: ముందు మీ అమ్మగారి భయం సంగతి. ఆర్‌టీఎంఎస్ వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతిన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. దీనికి మత్తు ఇవ్వరు, ఫిట్స్ తెప్పించరు. నాన్నగారు మెలకువగా కుర్చీలో కూర్చునే ఉంటారు, అయ్యాక లేచి నడిచి ఇంటికి వస్తారు. జ్ఞాపకం గురించి భయపడాల్సిన చికిత్స ఈసీటీ, అంటే షాక్ ట్రీట్‌మెంట్. అది వేరు, దాని గురించి కింద రాశాం.

మొదటి రోజు మోతాదు తేల్చడంతోనే సరిపోతుంది. చేతివేళ్లను కదిలించే మెదడు భాగం మీదుగా, తలకు ఎడమవైపున కాయిల్ (అయస్కాంత పల్సులు పంపే తీగచుట్ట) ఆనించి ఒక్కొక్క పల్స్ ఇస్తారు. పదిసార్లలో అయిదుసార్లు కుడి బొటనవేలు కదలడానికి కనీసం ఎంత బలం కావాలో చూస్తారు. దాన్ని మోటార్ థ్రెషోల్డ్ అంటారు. చికిత్స సాధారణంగా దానికి 120 శాతం బలంతో జరుగుతుంది. తర్వాత కాయిల్‌ను ముందుకు జరిపి, ఎడమ నుదుటికి పైన, డిప్రెషన్‌లో మందగించే ముందు మెదడు భాగం మీద ఉంచుతారు. పాత పద్ధతిలో సెకనుకు 10 చొప్పున 4 సెకన్లు పల్సులు, 26 సెకన్లు విరామం. ఇలా 75 సార్లు చేస్తే 3,000 పల్సులు, 37న్నర నిమిషాలు. పల్సులను గుంపులు గుంపులుగా వేగంగా ఇచ్చే, కొత్తదైన తీటా బర్స్ట్ పద్ధతిలో 600 పల్సులు 3 నిమిషాల్లో అయిపోతాయి. 414 మందితో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో ఈ 3 నిమిషాల పద్ధతి పాతదానికి తీసిపోలేదని తేలింది. ఏ పద్ధతైనా వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

పెద్దవాళ్ల విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి, పుర్రెకూ మెదడుకూ మధ్య ఎడం పెరుగుతుంది. అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా బలహీనపడుతుంది. పైగా ఆ కుంచించుకుపోవడం అంతటా ఒకేలా ఉండదు. వేళ్లను కదిలించే భాగం కన్నా ముందు భాగం ఎక్కువ కుంచించుకుపోతే, బొటనవేలిని కదిలించిన బలం అక్కడికి చాలదు. అప్పుడు ఇరవై సెషన్లు చేయించినా అందాల్సిన మోతాదు అందదు. ఆ తర్వాత "నాన్నకు ఇది పని చేయలేదు" అని రాసేసుకుంటాం. అందుకే డాక్టరును తప్పక అడగండి: చోటు ఎలా గుర్తిస్తారు? బొటనవేలు కదిలిన చోటు నుంచి 5 సెంటీమీటర్లు ముందుకు అని కొలిచే పాత లెక్క చాలామందిలో గురి తప్పుతుంది. ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా, చెవి నుంచి చెవి దాకా, తల చుట్టూ టేపుతో కొలిచి లెక్కగట్టే బీమ్ ఎఫ్3 పద్ధతి దానికన్నా నయం. ఎంఆర్ఐ చూసుకుంటూ గురిపెట్టే నావిగేషన్ ఉంటే ఇంకా మంచిది. ఎంఆర్ఐలో కుంచించుకుపోవడం ఎక్కువగా కనిపిస్తే బలాన్ని ఎలా సరిచేస్తారో కూడా అడగండి. మధ్యలో మందులు మారితే థ్రెషోల్డ్ మళ్లీ కొలవాలి. ఫిట్స్ మందులు మొదలుపెట్టినా, పెంచినా ఆ అంకె పైకి పోతుంది.

60 దాటినవారికి ఇంకో దారి కూడా ఉంది. కుడివైపు 40 సెకన్లు, ఎడమవైపు 3 నిమిషాలు తీటా బర్స్ట్ ఇవ్వడం. 172 మంది పెద్దవాళ్లతో చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, ఈ నాలుగు నిమిషాల పద్ధతి 47న్నర నిమిషాల పాత రెండువైపుల పద్ధతికి దీటుగా నిలిచింది. కుదురుగా కూర్చోలేని మనిషికి ఈ తేడా చాలా పెద్దది.

ఇక రోజువారీ ఇబ్బందులు. మొదటి వారం కాయిల్ కింద చురుకుమంటుంది, కొందరికి తలనొప్పి వస్తుంది. బలాన్ని తక్కువతో మొదలుపెట్టి వారంలో పూర్తి మోతాదుకు తీసుకెళ్లమని అడగవచ్చు. కూర్చున్నాక నాన్నగారికి కునుకు పట్టి తల వాలిందంటే కాయిల్ జరిగిపోతుంది. ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా వేరే చోటికి చికిత్స చేసినట్టే. పక్కన ఉన్న మనిషి చూస్తూ ఉండాలి. యంత్రం టకటకా గట్టిగా కొడుతుంది కాబట్టి రెండు చెవుల్లోనూ ప్లగ్గులు పెట్టాలి, వినికిడి యంత్రం తీసేయాలి. దాంతో టెక్నీషియన్ చెప్పేది ఆయనకు వినపడదు. "తల కదపవద్దు", "నొప్పి ఉంటే చెయ్యి ఎత్తండి" అని పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి ఎదురుగా పెట్టండి. "ఇక్కడికి ఎందుకొచ్చాం?" అని రోజూ అడుగుతారు. విసుక్కోకుండా రోజూ అదే మాట చెప్పండి. రోజూ అదే వేళ, అదే కుర్చీ, వీలైతే అదే టెక్నీషియన్ ఉండేలా చూడండి.

ఫిట్స్ వచ్చే ప్రమాదం వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువ. దాన్ని పెంచేవి మాత్రం ఇంట్లోనే ఉంటాయి: నిద్ర లేని రాత్రి, మద్యం, రోజూ వాడే నిద్రమాత్రను ఉన్నట్టుండి మానేయడం, డిప్రెషన్‌కు వాడే బ్యుప్రోపియాన్ లాంటి మందులు. రాత్రి నిద్రపట్టకపోతే ఆ సంగతి పొద్దున వెళ్లగానే చెప్పాలి.

ప్రశ్న: మా అత్తగారికి 78 ఏళ్లు. అల్జీమర్స్ తొలి దశ అన్నారు. రోజంతా ఊరికే కూర్చుంటారు, దేనిమీదా ఆసక్తి లేదు. డిప్రెషన్ మందు సెర్ట్రలీన్ మూడు నెలలు వాడాం, మార్పు లేదు. ఆవిడకు ఈ చికిత్స చేయించవచ్చా?

జవాబు: ముందు ఆవిడకు ఉన్నది డిప్రెషనేనా అని తేల్చుకోవాలి. డెమెన్షియాలో (మతి క్షీణించే జబ్బు, అల్జీమర్స్ అందులో ఒక రకం) నిరాసక్తత అనే లక్షణం వేరే ఉంది. మనిషి బాధపడరు, ఏడవరు, "నా వల్లే ఇదంతా" అనుకోరు. ఏ పనీ వాళ్లంతట వాళ్లు మొదలుపెట్టరు, అంతే. చేయి పట్టుకుని తీసుకెళితే మనవళ్లతో నవ్వుతూ కూర్చుంటారు. డిప్రెషన్ ఉన్న మనిషికి అలా తీసుకెళ్లినా సంతోషం రాదు. తిండి, నిద్ర చెడతాయి. చావు మాటలు వస్తాయి. నిరాసక్తతను డిప్రెషన్ అనుకుని ముప్పై రోజులు తిప్పితే ఆవిడకు మిగిలేది అలసటే.

దీన్ని తేల్చడానికి కార్నెల్ స్కేల్ ఉంది. అందులో 19 అంశాలు. రోగితో పాటు దగ్గరుండి చూసుకునేవాళ్లను, అంటే మిమ్మల్ని కూడా అడుగుతారు. స్కోరు 10 దాటితే డిప్రెషన్ ఉండవచ్చని లెక్క. వృద్ధులకు వాడే జీడీఎస్ ప్రశ్నావళిలో జవాబులన్నీ రోగే చెప్పాలి కాబట్టి, మతిమరుపు ముదిరినకొద్దీ దాన్ని నమ్మలేం. కార్నెల్ స్కోరునూ మోకా స్కోరునూ రెండు వేర్వేరు కాగితాల మీద తేదీలతో రాసి దాచుకోండి. రేపు చికిత్స అయ్యాక మనసు తేలికపడిందా, మతి మెరుగైందా, రెండూనా అన్నది ఆ అంకెలు లేకుండా ఎవరూ చెప్పలేరు.

ఆలోగా థైరాయిడ్, బీ12, సోడియం పరీక్షలు చేయించారా? పెద్దవాళ్లలో సెర్ట్రలీన్ జాతి మందులు సోడియాన్ని తగ్గించగలవు. సోడియం పడిపోతే మనిషి మందకొడిగా, అయోమయంగా అయిపోతారు, చూసేవాళ్లకు అది డిప్రెషన్ ముదిరినట్టే ఉంటుంది. పాత డిప్రెషన్ మందు అమిట్రిప్టిలీన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, మగత తెచ్చే అలర్జీ మాత్రలు జ్ఞాపకాన్ని నేరుగా మందగింపజేస్తాయి. మాత్రల సంచి మొత్తం పట్టుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. వినికిడి, నిద్రలో ఊపిరి ఆగడం కూడా చూపించాలి.

మందు పని చేయలేదన్నారు. అందులో ఆశ్చర్యం లేదు. అల్జీమర్స్‌తో పాటు డిప్రెషన్ ఉన్న 326 మందిలో కొందరికి సెర్ట్రలీన్, కొందరికి మరో డిప్రెషన్ మందు మిర్టజపీన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన పరీక్ష 2011లో వెలువడింది. ఉత్తుత్తి మాత్ర కన్నా ఏదీ మెరుగ్గా పని చేయలేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువయ్యాయి. అలాగని అయస్కాంత చికిత్సకు గట్టి రుజువు ఉందనుకోకండి. డిప్రెషన్ మీద జరిగిన పెద్ద ఆర్‌టీఎంఎస్ పరీక్షల్లో చాలావాటిలో డెమెన్షియా ఉన్నవారిని చేర్చుకోలేదు. కాబట్టి మా అభిప్రాయం ఇది: తొలి దశ అయి, నిజంగా డిప్రెషన్ అని తేలి, ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చోగలిగి, "సరే" అని తనే అంటే ప్రయత్నించవచ్చు. ఆ "సరే" ఒకసారి సంతకంతో అయిపోయేది కాదు. ఏ రోజైనా తల అడ్డంగా ఊపి లేచి వెళ్లబోతే ఆ రోజు ఆపేయాలి. 20 సెషన్ల తర్వాత కార్నెల్ స్కోరు ఏమాత్రం కదలకపోతే 30 దాకా లాగాలా అని కూర్చుని మాట్లాడుకోవాలి.

ప్రశ్న: నాకు గుండెకు పేస్‌మేకర్ ఉంది. పళ్లకు మెటల్ క్యాపులు కూడా ఉన్నాయి. ఆర్‌టీఎంఎస్ కుదురుతుందా?

జవాబు: పళ్ల క్యాపులు, ఫిల్లింగులు అడ్డు కాదు. పేస్‌మేకర్ ఉంటే మీ గుండె డాక్టరు, ఈ చికిత్స చేసే డాక్టరు మాట్లాడుకుని తీరాలి. కాయిల్‌కు 30 సెంటీమీటర్ల లోపల అలాంటి పరికరం ఉంటే చేయకూడదన్నది సాధారణ నియమం. చెవి లోపల అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన అయస్కాంతానికి అంటుకునే క్లిప్పు, కంట్లో లోహపు ముక్క ఉంటే వద్దు. పాత ఆపరేషన్ కాగితాలు దొరక్కపోతే ఊహతో ముందుకు వెళ్లకండి, ఎక్స్‌రే తీయించండి.

ప్రశ్న: అమ్మకు 74. మూడు వారాలుగా అన్నం ముట్టడం లేదు. ఆస్తంతా పోయిందని, తన పేగులు కుళ్లిపోయాయని అంటోంది. అవేవీ నిజం కాదు. మతిమరుపు ముందు నుంచీ కొంచెం ఉంది. డాక్టరు షాక్ ట్రీట్‌మెంట్ తప్పదంటున్నారు. తమ్ముడు వద్దంటున్నాడు. ఆర్‌టీఎంఎస్‌తో సరిపెట్టలేమా?

జవాబు: సరిపెట్టలేరు. లేని దాన్ని ఉన్నట్టు నమ్మే డిప్రెషన్‌లో, తిండి మానేసిన స్థితిలో ఆర్‌టీఎంఎస్ మీద ఆధారపడలేం, దానికి వారాలు పడుతుంది. ఈసీటీ ఇలాంటివారి కోసమే. ఈ వయసులో మూడు వారాలు తినకపోతే నీరసం, నీరు తగ్గడం, రక్తం గడ్డకట్టడం ప్రాణం మీదకు తెస్తాయి. తమ్ముడికి ఈ మాట చెప్పండి: ఇప్పుడు ఆలస్యం చేయడంలోనే ఎక్కువ ప్రమాదం ఉంది.

1938లో రోమ్‌లో చెర్లెట్టి, బిని మొదలుపెట్టినప్పటి పద్ధతి కాదిది. ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, కొన్ని సెకన్లు మాత్రమే కరెంటు ఇస్తారు. మెదడులో ఫిట్ వస్తుంది, శరీరం దాదాపు కదలదు. మరణం లక్ష సెషన్లకు రెండు చొప్పున అని అంచనా. 60 దాటిన 240 మందికి, కుడివైపు మాత్రమే అతి చిన్న పల్సులతో ఈసీటీ ఇస్తూ వెన్లఫాక్సిన్ అనే డిప్రెషన్ మందు కలిపినప్పుడు దాదాపు 62 శాతం మంది పూర్తిగా కోలుకున్నారని 2016లో వెల్లడైంది. డెమెన్షియా ఉన్నవారు ఆ పరీక్షలో లేరన్నది గుర్తుంచుకోండి.

జ్ఞాపకం మాట. మూడు రకాల ఇబ్బందులు వస్తాయి. మత్తు వదిలాక గంటలోపు ఉండే అయోమయం మొదటిది. కొత్త విషయాలు నిలవకపోవడం రెండోది, చికిత్స ముగిశాక కొన్ని వారాల్లో తగ్గుతుంది. మూడోది, చికిత్సకు ముందు నెలల జ్ఞాపకాలు కొన్ని పోవడం. వాటిలో కొన్ని ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. ఇది దాచకుండా చెప్పాల్సిన నిజం. ముందే మతిమరుపు ఉన్నవారిలో అయోమయం ఎక్కువసేపు ఉండి, ఒక్కోసారి సన్నిలా (మతి చెదిరి పలవరించే స్థితి) మారుతుంది. అయితే ఈసీటీ వల్ల ముందు ముందు డెమెన్షియా వస్తుందన్న భయానికి ఆధారం దొరకలేదు. డెన్మార్క్‌లో మూడ్ సమస్యలున్న లక్షా 68 వేల మంది రికార్డులు పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి సంబంధం కనిపించలేదు.

నష్టం తగ్గించే మార్గాలను డాక్టరుతో మాట్లాడండి. రెండు కణతల మీద కాకుండా కుడివైపు మాత్రమే ఇవ్వడం, 0.3 మిల్లీసెకన్ల అతి చిన్న పల్సు వాడడం, వారానికి మూడు బదులు రెండుసార్లు చేయడం. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, ఈ పద్ధతిలో కొందరికి సెషన్లు ఎక్కువ కావాలి, కొందరికి అసలు చాలదు. కుడివైపు ఇచ్చేటప్పుడు ఫిట్ రావడానికి కావాల్సిన కనీస కరెంటుకు ఆరు రెట్ల దాకా ఇస్తారు. అంకె విని భయపడకండి, అంతకు తక్కువైతే ఫిట్ వచ్చినా గుణం సరిగా రాదు. మూడ్ అదుపుకు ఇచ్చే లిథియం వాడుతుంటే అయోమయం పెరగవచ్చు. ఆందోళనకు, నిద్రకు వాడే లొరజెపామ్ లాంటి మాత్రలు ఫిట్‌ను సరిగా రానివ్వవు. వీటిని మీరు సొంతంగా ఆపకండి, ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి.

ఇంటి పని మీది. సెషన్‌కు ముందు ఆరు గంటలు ఘనాహారం, రెండు గంటలు నీళ్లు కూడా ఉండకూడదు. ప్రస్తుతం అమ్మ తినడం లేదు కానీ, నాలుగైదు సెషన్ల తర్వాత ఆకలి తిరిగి వస్తుంది. అప్పుడు చెప్పింది మర్చిపోయి తెల్లవారుజామున ఏదో ఒకటి నోట్లో వేసుకుంటారు. ఆ రాత్రి ఒకరు పక్కన పడుకోండి, తినేవి కంటికి కనపడనివ్వకండి. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేయాలా, షుగర్ మందు ఆపాలా అన్నది మత్తు డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. కట్టుడు పళ్లు తీయాలి. లేచేసరికి ఎదురుగా మీ ముఖం కనపడాలి, కళ్లజోడు, వినికిడి యంత్రం వెంటనే పెట్టాలి. తన పేరు, ఎక్కడున్నారు, ఏ వారం అన్నది సరిగా చెప్పడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ప్రతిసారీ రాయండి. సెషన్ సెషన్‌కూ ఆ నిమిషాలు పెరుగుతుంటే సెషన్ల మధ్య ఎడం పెంచమని అడగడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. చికిత్స జరుగుతున్న వారాల్లో, ఆ తర్వాత కొన్ని వారాల దాకా ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టించకండి.

ప్రశ్న: తలకు కట్టుకునే చిన్న కరెంటు యంత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాన్నకు ఇంట్లోనే పెట్టవచ్చా? త్వరగా తగ్గడానికి కరెంటు పెంచవచ్చా?

జవాబు: పెంచకండి. అది టీడీసీఎస్, అంటే తల మీద రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి సన్నటి కరెంటు పంపే చికిత్స. పరిశోధనల్లో ఎక్కువగా వాడేది 2 మిల్లీఆంపియర్లు, రోజుకు 20 నుంచి 30 నిమిషాలు. కరెంటు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపవదు, చర్మం కాలుతుంది. ప్లస్ ఎలక్ట్రోడు ఎడమవైపు, మైనస్ కుడివైపు. తారుమారైతే చికిత్స మారిపోతుంది.

కాలిన గాయాలు ఎక్కువగా స్పాంజి వల్లే. ఎండిపోతే కరెంటు ఒక్క చోట చేరి కాలుస్తుంది. నీరు కారుతుంటే రెండు స్పాంజిల తడి కలిసి కరెంటు తల పైపైనే పోతుంది. కుళాయి నీళ్లు వద్దు, సెలైన్ వాడండి. చుక్క కారనంతగా పిండండి. చర్మం మీద గీత, పుండు ఉంటే ఆ రోజు మానేయండి. దురద, చురుకు మామూలే. ఒకేచోట మంట పెడితే వెంటనే ఆపి చూడాలి. మతిమరుపు ఉన్న మనిషి మంటను సమయానికి చెప్పకపోవచ్చు. కాబట్టి ఆయన్ని యంత్రంతో ఒంటరిగా వదలకూడదు.

ఫలితం ఎంత? 2017లో 245 మందితో చేసిన పరీక్షలో ఉత్తుత్తి చికిత్స కన్నా మెరుగ్గా ఉంది, ఎస్కిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందుకు మాత్రం దీటని తేలలేదు. ఇంట్లో వాడించి చూసిన 2024 నాటి పరీక్షలో 174 మందిలో మంచి ఫలితం వచ్చింది. కానీ వాళ్ల సగటు వయసు 40 లోపే, పైగా ప్రతి ఒక్కరినీ వీడియోలో పర్యవేక్షించారు. దాన్ని తెచ్చి మీ నాన్నగారికి అతికించలేం. ఏ డాక్టరూ చూడకుండా మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు.

ప్రశ్న: అక్కకు ఆర్‌టీఎంఎస్ 30 సెషన్లు అయ్యాయి. బాగా తేరుకుంది. నాలుగు నెలలకు మళ్లీ మొదటికొచ్చింది. దండగైనట్టేనా?

జవాబు: కాదు. ఒకసారి పని చేసినవారిలో చాలామందికి రెండోసారీ పని చేస్తుంది. పూర్తిగా కుంగిపోయేదాకా ఆగకుండా, నిద్ర, ఆకలి చెడుతుండగానే వెళ్లండి. చికిత్స ముగిశాక మందులు కూడా ఆపేశారేమో చూడండి, తరచూ జరిగే పొరపాటు అదే. ఈసీటీ విషయంలో అంకెలు కూడా ఉన్నాయి: కోలుకున్నాక ఏ మందూ ఇవ్వని వారిలో 84 శాతం మంది ఆరు నెలల్లో మళ్లీ జబ్బుపడ్డారని 2001లో ప్రచురించిన పరీక్షలో తేలింది.

అసలు మొదటిసారే ఫలితం రాలేదని రాసిన ఇద్దరు పాఠకులకు: రోజూ లొరజెపామ్ జాతి మాత్రలు వేసుకునేవారిలో ఆర్‌టీఎంఎస్ ఫలితం తక్కువగా కనిపిస్తుంది. దాన్ని నెమ్మదిగా తగ్గించే వీలుందేమో అడగండి.

ప్రశ్న: ఈ చికిత్సతో డెమెన్షియా రాకుండా ఆపవచ్చా?

జవాబు: ఆపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆశ పెట్టుకోదగ్గ పని మాత్రం జరుగుతోంది. డిప్రెషన్ నుంచి కోలుకున్న, లేదా స్వల్ప మతిమరుపు ఉన్న, లేదా రెండూ ఉన్న 375 మంది పెద్దవాళ్లతో టొరంటోలో చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. టీడీసీఎస్ ఇస్తూ, దాంతోపాటే కంప్యూటర్ మీద జ్ఞాపకశక్తి సాధన చేయించారు. వారానికి అయిదు రోజులు, ఎనిమిది వారాలు. తర్వాత ఆరు నెలలకోసారి అయిదేసి రోజులు. ఏళ్ల తరబడి గమనించగా, ఉత్తుత్తి చికిత్స తీసుకున్నవారి కన్నా వీరి ఆలోచనాశక్తి కాస్త నెమ్మదిగా తగ్గింది. తేడా చిన్నదే. ముఖ్యంగా అది డిప్రెషన్ నుంచి కోలుకున్నవారిలోనే బాగా కనిపించింది.

ఇక అల్జీమర్స్‌కు అయస్కాంత చికిత్స వేరే చోట చేస్తారు. 2022లో ఇటలీ పరిశోధకులు 50 మందిలో తల వెనకవైపు, నడి మధ్యన ఉండే ప్రీక్యూనియస్ అనే భాగం మీద 24 వారాలు చేసి, జబ్బు నెమ్మదించినట్టు చూపారు. కాబట్టి "మతిమరుపుకీ డిప్రెషన్‌కీ కలిపి ఒకటే ప్యాకేజీ" అని ఎవరైనా అంటే, కాయిల్ తలలో ఏ చోట పెడతారో, దేన్ని కొలిచి ఫలితం చెబుతారో అడగండి.